యుద్ధనౌకలకు కొలతలు గీసిన కాలం

మెదక్ జిల్లా రేగోడ్ నుంచి సముద్రం దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరం. ఈ నేలకు తెలిసిన నీరు మంజీరది, చెరువులది, కరుణిస్తే వానది. అయినా ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో అగ్రరాజ్యాలు సముద్రం మీద పట్టు కోసం సాగించిన పోటీ, ఆ పోటీని అదుపు చేయడానికి రాసుకున్న ఒప్పందాలు ఈ మెట్ట ప్రాంతాన్ని తాకకుండా పోలేదు. ఈ పల్లెల శిస్తులో వేళ్లున్న నిజాం సంపదతో ఒక యుద్ధనౌక తయారైంది. మంజీర వెళ్లి కలిసే గోదావరి పేరును మరో యుద్ధనౌక మోసింది. విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు, వాషింగ్టన్ ఒప్పందం విడిచిపెట్టిన ఒక చిన్న సందులోంచి పుట్టిన ఓడ మీది నుంచి వచ్చాయి. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ నౌకాబలాలకు హద్దులు గీయాలని మానవజాతి చేసిన ఆ మహాప్రయత్నాన్ని తెలుగువారి వైపు నిలబడి ఒకసారి సింహావలోకనం చేసుకోవడం అందుకే అవసరం. అది పూర్తిగా విఫలమైన ప్రయత్నం కాదు. టన్నులను, ఫిరంగుల గొట్టాలను అది కచ్చితంగా కొలిచింది. రాజ్యాల మధ్య నమ్మకాన్ని మాత్రం నిలబెట్టలేకపోయింది. ఆ తేడాలోనే ఈ చరిత్ర అంతా ఉంది.

కథ మొదలు ఇంకాస్త వెనక ఉంది. పశ్చిమ దేశాల ఓడలు మచిలీపట్నం రేవుకు వచ్చిన నాటి నుంచీ తెలుగు తీరం సముద్ర రాజకీయాల్లో భాగమే. సముద్రం లేని హైదరాబాద్ సంస్థానం 1802 నాటి వాణిజ్య ఒప్పందంలో మచిలీపట్నం రేవును వాడుకునే హక్కును రాయించుకుంది. అయితే రేవుకు దారి ఉండటం వేరు, సముద్రం మీద అధికారం ఉండటం వేరు. ఆ అధికారం బ్రిటన్‌దే. 1906లో ‘డ్రెడ్‌నాట్’ అనే కొత్త తరహా యుద్ధనౌకను బ్రిటన్ నీటిలోకి దించడంతో అంతకు ముందరి నౌకలన్నీ ఒక్కసారిగా పాతబడిపోయాయి. జర్మనీ ఆ పోటీని అందిపుచ్చుకుంది. తూర్పున జపాన్ 1905లో సుషిమా జలసంధి దగ్గర రష్యా నౌకాదళాన్ని చిత్తు చేసి ఆసియా ప్రజలందరిలో కొత్త ఆశలు రేపింది. అదే ఏడాది తిరగరాసిన ఆంగ్లో జపనీస్ మైత్రి ఒప్పందం తన పరిధిలోకి భారతదేశాన్ని కూడా తెచ్చుకుంది. మన రక్షణ గురించి లండన్, టోక్యో మాట్లాడుకున్నాయి, మన ప్రమేయం లేకుండా. ఆ తర్వాతి నాలుగు దశాబ్దాలకు ఇదే పద్ధతి అయింది.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ క్రూయిజర్ ‘ఎమ్డెన్’ మద్రాసు తీరానికి వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. అప్పటి మద్రాసు తెలుగువారికీ రాజధానే. ఎందరో ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు తరలిపోయారు. బ్రిటిష్ నౌకాదళం కాపలా ఉన్నంతకాలం సముద్రం వైపు నుంచి భయం లేదన్న నమ్మకం ఆ ఒక్క రాత్రితో బీటలు వారింది. మరోపక్క ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ యుద్ధ ప్రయత్నాలకు ఉదారంగా ధనసాయం చేశారు. హైదరాబాద్ ఆశ్వికులు పాలస్తీనా రంగంలో పోరాడారు. ఆయన విరాళంతో అమరిన వైమానిక దళం 110వ స్క్వాడ్రన్ ‘హైదరాబాద్’ పేరును తగిలించుకుంది. ‘బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అన్న బిరుదు ఆయనకు దక్కింది. సామ్రాజ్య యుద్ధాలకు హైదరాబాద్ డబ్బు, మనుషులు వెళ్లే దారి అప్పటికే పడిపోయింది.

యుద్ధం ముగిసినా ఓడల పోటీ ముగియలేదు. బందీలుగా బ్రిటిష్ స్థావరం స్కాపా ఫ్లోలో నిలిపిన జర్మన్ నౌకలను వాటి నావికులే 1919 జూన్ 21న ముంచేసుకున్నారు. జర్మనీ బరిలోంచి తప్పుకున్నాక నిన్నటి మిత్రులే ప్రత్యర్థులయ్యారు. ప్రపంచంలో ఎవరికీ తీసిపోని నౌకాదళాన్ని నిర్మిస్తామని అమెరికా 1916లోనే చట్టం చేసి ఉంది. ఎనిమిది యుద్ధనౌకలు, ఎనిమిది బ్యాటిల్ క్రూయిజర్ల దళాన్ని సమకూర్చుకోవాలని జపాన్ నిశ్చయించుకుంది. యుద్ధపు అప్పులతో సతమతమవుతున్న బ్రిటన్ వెనక్కు తగ్గలేక, ముందుకు పోలేక నిలిచింది. ఒక్కో నౌకకూ ఒక చిన్న దేశపు బడ్జెట్ అంత ఖర్చు. పన్ను కట్టే ప్రజ మూడు దేశాల్లోనూ విసిగిపోయింది. ఇలాంటి వేళ అమెరికా మరో ఎనిమిది దేశాలను వాషింగ్టన్‌కు పిలిచింది.

1921 నవంబరు 12న మెమోరియల్ కాంటినెంటల్ హాల్లో సదస్సు మొదలైంది. తొలి రోజు మర్యాద ప్రసంగాలే ఉంటాయని అందరూ అనుకున్నారు. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ లేచి, ముందుగా తన దేశం రద్దు చేయబోయే నౌకల లెక్క చెప్పి, ఆ వెంటనే బ్రిటన్, జపాన్ నౌకల జాబితా పేరుపేరునా చదివారు. మూడు దేశాలవీ కలిపి 66 భారీ నౌకలు, 18 లక్షల టన్నులకు పైగా. ఏ నౌకాయుద్ధంలోనూ అన్ని భారీ నౌకలు ఒక్కరోజు మునగలేదు. ఆ తేదీనే, భూగోళానికి ఇటువైపు హైదరాబాద్ నగరంలో మరో ఘట్టం జరిగింది. వివేకవర్ధిని పాఠశాలలో జరిగిన సంఘ సంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకట రామారావును అవహేళన చేస్తే, మనసు నొచ్చుకున్న తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ ఒక తరం ఏ పరిస్థితుల్లో బతికిందో ఈ తేదీ చెబుతుంది. అక్కడ దేశాలు తమ బలానికి హద్దు ఎంతో నిర్ణయించుకుంటున్నాయి. ఇక్కడ ఒక జాతి తన భాషలో నోరు తెరిచే హక్కు కోసం తొలి అడుగు వేస్తోంది. ప్రపంచ సభల్లో మన సంగతులు ఎవరు మాట్లాడాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లోనే తయారవుతోంది.

వాషింగ్టన్ బేరసారాలు దాదాపు మూడు నెలలు సాగాయి. జపాన్ ప్రతినిధి బృందానికి నాయకుడు అడ్మిరల్ కాటో టొమొసబురో. సుషిమా యుద్ధంలో అడ్మిరల్ టోగోకు ప్రధాన సహాయకుడిగా పనిచేసిన వీరుడు. అమెరికాతో యుద్ధానికి కావలసినంత డబ్బు అమెరికా తప్ప మరెవరూ అప్పివ్వలేరని, అందువల్ల ఆ యుద్ధం జపాన్‌కు సాధ్యం కాదని ఆయన గ్రహించారు. తన సలహాదారుల్లోనే కొందరు పదికి ఏడు పాళ్లు కావాలని పట్టుబట్టినా ఆయన పదికి ఆరుకు ఒప్పుకున్నారు. జపాన్ రహస్య తంతి సందేశాలను అమెరికా గూఢలిపి నిపుణుడు హెర్బర్ట్ యార్డ్‌లీ బృందం ముందే చదివేసిందని, ఎక్కడి వరకు దిగుతారో అమెరికాకు తెలుసునని తర్వాత బయటపడింది. శాంతి సభలోనూ ఒకరి చేతిలో పేక మరొకరికి కనిపిస్తూనే ఉంది. ఈ సంగతి 1931లో పుస్తకరూపంలో లోకానికి తెలిసినప్పుడు జపాన్‌లో రేగిన అవమాన భావం, ఆ తర్వాతి చరిత్రకు ఎంతో చేటు చేసింది.

1922 ఫిబ్రవరి 6న సంతకాలైన పంచరాజ్య ఒప్పందం ప్రకారం భారీ యుద్ధనౌకల మొత్తం బరువు అమెరికా, బ్రిటన్‌లకు చెరో 5,25,000 టన్నులు, జపాన్‌కు 3,15,000, ఫ్రాన్స్, ఇటలీలకు చెరో 1,75,000. ఏ యుద్ధనౌకా 35,000 టన్నులు దాటరాదు. ఫిరంగి గొట్టం 16 అంగుళాలు మించరాదు. పదేళ్లపాటు కొత్త భారీ నౌకల నిర్మాణానికి విరామం. విమానవాహక నౌకలకూ వేరే కోటా పెట్టారు. అయితే 10,000 టన్నులకు లోబడిన విమానవాహక నౌకను ఆ కోటాలో లెక్కించనక్కర్లేదు. ఈ ఒక్క వెసులుబాటును పాఠకులు గుర్తుంచుకోవాలి. పసిఫిక్‌లో కొత్త కోటలు, నౌకాస్థావరాలు కట్టరాదన్న నిబంధన జపాన్‌కు ఊరట. అదే సదస్సులో కుదిరిన చతూరాజ్య ఒప్పందంతో ఆంగ్లో జపనీస్ మైత్రికి తెరపడింది. ఈ ఒప్పందాల మీద భారతదేశం తరఫున వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి విడిగా సంతకం చేశారు. తంజావూరు ప్రాంతం నుంచి వచ్చిన ఆ మేధావి అంతర్జాతీయ వేదికల మీద భారతదేశానికి ఒక గొంతునిచ్చారు. కానీ ఆ సంతకానికి వెనక ఒక్క నౌక కూడా లేదు. అప్పటి మన నౌకాబలం ‘రాయల్ ఇండియన్ మెరైన్’ అనే ఆయుధాలు లేని చిన్న విభాగం. దానికి భారతీయ అధికారి మొదటిసారి దొరికింది 1928లో, అదీ ఇంజనీరింగ్ శాఖలో డి.ఎన్. ముఖర్జీ రూపంలో.

ఒప్పందం పదేళ్లు గట్టిగా పనిచేసింది. నిర్మాణంలో ఉన్న నౌకలను విప్పేశారు. కొన్నిటికి రూపం మార్చారు. జపాన్ ‘అకాగి’, ‘కాగా’లు, అమెరికా ‘లెక్సింగ్టన్’, ‘సరటోగా’లు అలాగే విమానవాహక నౌకలయ్యాయి. భారీ నౌకలకు అడ్డుకట్ట పడగానే పోటీ 10,000 టన్నుల క్రూయిజర్ల వైపు మళ్లింది. నిర్మాణ నిపుణుల చాతుర్యమంతా గీత దాటకుండా గీతకు దగ్గరగా నిలబడటంలో తేలింది. అదే దశాబ్దంలో మన నేల మీద నిర్మాణాలు వేరే దిశలో సాగాయి. రేగోడ్‌కు దగ్గరగా పారే మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ జలాశయం, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1931కి పూర్తయింది. తూర్పు తీరంలో విశాఖపట్నం రేవు పనులు ఊపందుకున్నాయి. అలల ధాటికి అడ్డంగా ‘జానస్’, ‘విల్లెస్‌డన్’ అనే రెండు పాత ఓడలను అక్కడే ముంచి గట్టు చేశారు. పత్రికలు దూరపు వార్తలను తెలుగు వాకిళ్లకు తెచ్చాయి. కాశీనాథుని నాగేశ్వరరావు ‘ఆంధ్రపత్రిక’, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలోని ‘కృష్ణాపత్రిక’ బ్రిటిష్ ఇలాకాలో, 1926లో సురవరం ప్రతాపరెడ్డి స్థాపించిన ‘గోలకొండ పత్రిక’ నిజాం ఇలాకాలో అప్పటి ప్రపంచాన్ని పాఠకులకు పరిచయం చేశాయి.

1927 జూన్‌లో జెనీవాలో క్రూయిజర్ల సంగతి తేల్చడానికి మరో సదస్సు పెట్టారు. ఫ్రాన్స్, ఇటలీ రాలేదు. ప్రపంచమంతటా పరచుకున్న తన సముద్రమార్గాలకు 70 క్రూయిజర్లు కావాలన్నది బ్రిటన్. తక్కువ సంఖ్యలో పెద్దవి కావాలన్నది అమెరికా. ఆగస్టు 4న ఏమీ తేలకుండా సభ విడిపోయింది. ఆ వైఫల్యం తర్వాత ఏడాది దాటిన కొద్ది రోజులకే, 1928 ఆగస్టు 27న, యుద్ధాన్ని జాతీయ విధానంగా విడనాడుతున్నామని ప్యారిస్‌లో అగ్రరాజ్యాలు సంతకాలు చేశాయి. కెల్లాగ్ బ్రియాండ్ ఒప్పందమనే ఆ పత్రం మీద భారతదేశం తరఫున కూడా సంతకం బ్రిటిష్ ప్రభువు కుషెండన్‌దే. అదే ఏడాది నానాజాతి సమితి సభకు వెళ్లిన భారత ప్రతినిధుల్లో కూర్మా వెంకటరెడ్డి నాయుడు ఉన్నారు. గోదావరి తీరంలో న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, మద్రాసు మంత్రివర్గంలో పనిచేసి, తర్వాత శ్రీనివాస శాస్త్రి స్థానంలో దక్షిణాఫ్రికాలో భారత ఏజెంటుగా నియుక్తుడైన ఆయన, ఆ అంతర్జాతీయ వేదికలను తొక్కిన తొలితరం తెలుగువారిలో ముఖ్యుడు. 1931 నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వాల్తేరు తీరంలో కొలువైన సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఆ కాలంలోనే నానాజాతి సమితి మేధాసహకార సంఘంలో సభ్యులు. సంతకం పెట్టే అధికారం పరాయివారి చేతుల్లోనే ఉన్నా, వాదించే శక్తి మనవారిలో పెరుగుతూ వచ్చింది.

1930 జనవరి 21న లండన్‌లో మొదలైన సదస్సు ఈ ప్రయత్నానికి శిఖరం. ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ఆతిథ్యం, అమెరికా తరఫున హెన్రీ స్టిమ్సన్, జపాన్ తరఫున మాజీ ప్రధాని వకత్సుకి రెయిజిరో. భారత ప్రతినిధి లండన్‌లోని హైకమిషనర్ సర్ అతుల్ చటర్జీ. ఈసారి క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు, జలాంతర్గాములు అన్నిటికీ హద్దులు గీశారు. 8 అంగుళాల ఫిరంగుల క్రూయిజర్లు అమెరికాకు 18, బ్రిటన్‌కు 15, జపాన్‌కు 12. జలాంతర్గాములు మూడు దేశాలకూ సమానంగా 52,700 టన్నులు. డిస్ట్రాయర్ అంటే 1,850 టన్నులు, 5.1 అంగుళాల ఫిరంగి దాటరాదు. 2,000 టన్నుల లోపు బరువు, 20 నాట్లకు మించని వేగం, టార్పెడోలు లేని చిన్న కాపలా నౌకలకు లెక్క నుంచి మినహాయింపు. 10,000 టన్నుల లోపు విమానవాహక నౌకలకు వాషింగ్టన్‌లో దొరికిన వెసులుబాటును మాత్రం మూసేశారు. ఏప్రిల్ 22న సంతకాలయ్యాయి. ఆ మూడు నెలల నడుమ, మార్చి 3 నుంచి 5 వరకు, రేగోడ్‌కు దగ్గరి జోగిపేటలో నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. ఆ వెంటనే మార్చి 12న సబర్మతి నుంచి గాంధీజీ ఉప్పు యాత్ర మొదలైంది. సముద్రపు ఉప్పు మీద హక్కెవరిదని ఆయన అడిగారు. అదే వేళ లండన్‌లో సముద్రం మీద ఎవరికెన్ని నౌకలని తేల్చుకుంటున్నారు. సామ్రాజ్యాలు సముద్రాన్ని పంచుకోగలవు గాని, తీరాన ఉన్న ప్రజను ఇంకెంతో కాలం ఆపలేవని ఆ వసంతం తేల్చిచెప్పింది.

లండన్ ఒప్పందాన్ని తన దేశంలో నెగ్గించడానికి జపాన్ ప్రధాని హమగుచి ఒసాచి చెల్లించిన మూల్యం ఆయన ప్రాణం. 1930 నవంబరు 14న టోక్యో రైల్వే స్టేషనులో ఒక తీవ్రవాది కాల్చాడు. ఆ గాయంతోనే మరుసటి ఏడు ఆయన కన్నుమూశారు. ఆ తుపాకీ మోతతో ఒప్పందాల కాలం తిరోగమనం మొదలైంది. 1931 సెప్టెంబరులో జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించింది. 1932లో జెనీవాలో ఆర్థర్ హెండర్సన్ అధ్యక్షతన సమావేశమైన ప్రపంచ నిరాయుధీకరణ సదస్సు, 1933లో హిట్లర్ జర్మనీ వైదొలగడంతో జీవం కోల్పోయింది. 1933 మార్చిలో జపాన్ నానాజాతి సమితిని విడిచింది. 1934 డిసెంబరు 29న వాషింగ్టన్ ఒప్పందం నుంచి వైదొలుగుతామని నోటీసు ఇచ్చింది. ఇదే వేళ ఇక్కడ విశాఖ రేవు పూర్తయి, 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ తొలిసారి అందులో అడుగుపెట్టింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు. 1934లో రాయల్ ఇండియన్ మెరైన్ పేరు మారి రాయల్ ఇండియన్ నేవీ అయింది. ప్రపంచం తలుపులు మూసుకుంటున్న కాలంలో మన సముద్ర ద్వారం తెరుచుకుంది.

1935 జూన్ 18న బ్రిటన్, మిత్రులను సంప్రదించకుండానే, తన బలంలో 35 శాతం దాకా నౌకాదళం నిర్మించుకునే హక్కును జర్మనీకి ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో రెండో లండన్ సదస్సు కూర్చుంది. సమాన హోదా దక్కలేదని 1936 జనవరి 15న జపాన్ లేచి వెళ్లిపోయింది. మిగిలిన దేశాల్లో మూడు మార్చి 25న ఫిరంగులను 14 అంగుళాలకు పరిమితం చేస్తూ సంతకాలు చేశాయి. బయట ఉన్నవారు గీత దాటితే తామూ దాటవచ్చన్న షరతుతో. ఆ షరతులోనే ఒప్పందపు ముగింపు రాసి ఉంది. 1936 డిసెంబరు 31తో పాత ఒప్పందాల గడువు తీరింది. 1937 నవంబరు 4న కురే నౌకానిర్మాణ కేంద్రంలో జపాన్ పునాది వేసిన ‘యమాటో’ 60,000 టన్నులు దాటిన నౌక. ఫిరంగి గొట్టం 18 అంగుళాలకు పైన. పదిహేనేళ్ల కష్టంతో గీసిన గీత అలా చెరిగిపోయింది. 1939 ఏప్రిల్‌లో హిట్లర్ బ్రిటన్‌తో చేసుకున్న నౌకా ఒప్పందాన్ని కూడా చించేశాడు.

యుద్ధం రాగానే హైదరాబాద్ మళ్లీ తన పాత దారి పట్టింది. 152, 253 స్క్వాడ్రన్లు హైదరాబాద్ పేరు పెట్టుకుని బ్రిటన్ గగనతల యుద్ధంలో పాల్గొన్నాయి. సముద్రం మీద నిజాం ధనంతో సమకూరిన నౌకకు ‘నిజాం’ అనే పేరే పెట్టారు. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కర్మాగారంలో 1940 జులైలో నీటిలో దిగి, 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరిన డిస్ట్రాయర్ అది. 1,700 టన్నుల పరిసరాల్లో బరువు, 4.7 అంగుళాల ఫిరంగులు ఆరు. లండన్ ఒప్పందం గీసిన డిస్ట్రాయర్ కొలతల లోపలే ఒదిగిన వర్గం. ఒప్పందం చచ్చిపోయినా దాని కొలతలు ఇంకా ఓడల దేహాల్లో బతికే ఉన్నాయి. ఆ ఓడ మధ్యధరాలో క్రీట్ ద్వీపం నుంచి సైనికులను తరలించింది. ముట్టడిలో ఉన్న తోబ్రుక్‌కు సరుకు చేరవేసింది. తర్వాత హిందూ మహాసముద్రానికి, పసిఫిక్‌కు వెళ్లింది. సముద్రమే లేని సంస్థానపు పేరు రెండు మహాసముద్రాల మీద తిరిగింది. అయితే ఆ నౌక మీద పనిచేసినవారు హైదరాబాదీలు కాదు, దాని గమ్యాన్ని నిర్ణయించింది హైదరాబాద్ కాదు. చెల్లించేది ఒకరు, నిర్ణయించేది మరొకరు అయిన ఆ కాలానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం లేదు.

1942 ఏప్రిల్ 6న యుద్ధం తెలుగు తీరానికే వచ్చింది. అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో వాణిజ్య నౌకలను వేటాడి కొద్దిరోజుల్లో ఇరవైకి పైగా ముంచింది. దాని విమానాలు ఆ రోజు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ విమానాలు లేచింది ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి. ర్యూజో పుట్టుకే ఒప్పందాల చరిత్రలో ఒక అధ్యాయం. 10,000 టన్నులకు లోబడితే కోటాలో లెక్కించరన్న వాషింగ్టన్ వెసులుబాటును వాడుకోవాలని జపాన్ 1929లో దాని నిర్మాణం మొదలుపెట్టింది. మరుసటి ఏడు లండన్ ఆ సందును మూసేసేసరికి నౌక సగంలో ఉంది. చిన్న దేహం మీద ఎక్కువ భారం వేసుకున్న ఆ ఓడ 1933లో దళంలో చేరింది. ఇరవై ఏళ్ల కిందట దూరపు నగరంలో ఒక వాక్యంలో వదిలేసిన చిన్న ఖాళీ, విశాఖ రేవు మీద బాంబై పడింది. ఒప్పందాలు రాసేవారి చేతిలో ప్రతి మాటా ఎంత బరువైనదో దీన్ని మించి చెప్పే పాఠం ఉండదు. తీరపు పట్టణాలు బెదిరి ఖాళీ అయ్యాయి. మద్రాసు ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలాయి.

ఆ తీరం నుంచి దూరాన ఉన్న మెదక్ పల్లెలకు కూడా యుద్ధం వచ్చింది, మరో రూపంలో. యుద్ధకాలపు లెవీ ధాన్యం వసూళ్లు, ధరలు రైతును పీడించాయి. ఆ పీడన నుంచే 1946 తర్వాతి తెలంగాణ రైతాంగ పోరాటానికి ఒక ముఖ్య కారణం సమకూరింది. సముద్రం మీద రాయల్ ఇండియన్ నేవీలో ‘గోదావరి’, ‘కిస్ట్నా’ (కృష్ణా) పేర్ల స్లూపులు అనే చిన్న కాపలా నౌకలు 1943లో చేరాయి. 2,000 టన్నుల లోపు బరువు, 20 నాట్ల మేర వేగం అన్న ఒప్పంద సూత్రం గీసిన గిరిలోనే రూపుదిద్దుకున్న వర్గం ఇది. మన రెండు నదుల పేర్లతో అవి వాణిజ్య దళాలకు కాపలా కాశాయి. 1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగినప్పుడు అక్కడ లంగరు వేసిన నౌకల్లో ‘నిజాం’ కూడా ఉంది. వాషింగ్టన్‌లో మొదలైన కథ ఆ అఖాతంలో ముగిసింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో ‘తల్వార్’ కేంద్రంలో మొదలైన నావికుల సమ్మె విశాఖను కూడా తాకింది. ఎవరి కోసం ఈ నౌకలు నడుపుతున్నామని నావికులే అడిగిన రోజు వచ్చింది.

స్వాతంత్ర్యంతో చిత్రం మారింది. విభజనలో ‘గోదావరి’ పాకిస్తాన్‌కు వెళ్లి ‘సింధ్’ అయింది. హైదరాబాద్ స్వతంత్రంగా నిలవాలని 1947, 48లో చేసిన ప్రయత్నాలకు సముద్ర ద్వారం లేకపోవడం పెద్ద బలహీనతైంది. గగనమార్గంలో దొంగచాటుగా తెచ్చుకున్న ఆయుధాలు 1948 సెప్టెంబరులో సంస్థానాన్ని నిలబెట్టలేదు. మరోవైపు విశాఖలో 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన వాల్‌చంద్ హీరాచంద్ నౌకా నిర్మాణ కేంద్రం, జపాన్ బాంబుల భయాన్ని దాటి నిలబడింది. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడ ‘జల ఉష’ను నీటిలోకి దించారు. స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఓడ అది. 1968లో తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖకు వచ్చింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ ముఖద్వారం దగ్గరే సముద్రంలో సమాధైంది. భారతదేశం రూపకల్పన చేసిన కొత్త యుద్ధనౌక మళ్లీ ‘గోదావరి’ పేరుతోనే 1983లో దళంలో చేరింది. 2009లో అణు జలాంతర్గామి ‘అరిహంత్’ విశాఖలోనే నీటిలో దిగింది. 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్షకు అదే నగరం వేదికైంది. 2024 అక్టోబరులో రేగోడ్‌కు ఎంతో దూరం లేని వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో, లోతు నీళ్లలోని జలాంతర్గాములతో మాట్లాడే నౌకాదళ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అడవిని కోల్పోతామని అక్కడివారు గొంతెత్తారు. ఒకప్పుడు సంస్థానపు ధనం మాత్రమే సముద్రానికి వెళ్లేది. ఇప్పుడు ఈ పీఠభూమి నేలే సముద్ర రక్షణలో భాగమవుతోంది.

రెండు యుద్ధాల నడుమ నాటి ఒప్పందాలను వమ్మైన కలలుగా కొట్టిపారేయడం తేలిక. కానీ నిజంగా జరిగినదాన్ని చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. పదిహేనేళ్లు ప్రపంచపు అతిపెద్ద నౌకాదళాలు ఒక లెక్కకు కట్టుబడ్డాయి. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ క్షిపణుల సంఖ్యకు హద్దులు గీసుకున్నప్పుడు వాటికి పూర్వరూపం వాషింగ్టన్‌లో ఉంది. 1971 డిసెంబరు 16న ఐక్యరాజ్యసమితి హిందూ మహాసముద్రాన్ని శాంతిమండలంగా ప్రకటించినప్పుడు, సముద్రాన్ని అగ్రరాజ్యాల పోటీకి వదలరాదన్న ఆకాంక్షకు ఈసారి ఆసియా, ఆఫ్రికా దేశాలే గొంతునిచ్చాయి. పాత ఒప్పందాల లోపాలు కూడా అంతే స్పష్టం. ఎవరైనా మాట తప్పితే బయటపెట్టే తనిఖీ లేదు. ఒక దేశాన్ని రెండో మెట్టు మీద కూర్చోబెట్టిన నిష్పత్తి, ఆ దేశపు గర్వాన్ని రాజకీయ ఆయుధంగా మార్చింది. సముద్రం ఒడ్డున బతికే వలస పాలనలోని కోట్లమంది ప్రజలకు ఆ సభల్లో సొంత స్థానమే లేదు. ఫలితాలు మాత్రం వారి రేవులనూ పొలాలనూ వెతుక్కుంటూ వచ్చాయి.

అందుకే రేగోడ్ వంటి ఊళ్లో పుట్టి పెరిగే నేటి విద్యార్థికి ఈ చరిత్ర తెలియాలి. రేపటి ఆయుధ నియంత్రణ సభల్లో సముద్రం ఉంటుంది, అంతరిక్షం ఉంటుంది, యంత్రమేధ ఉంటుంది. శ్రీనివాస శాస్త్రి, అతుల్ చటర్జీల కాలంలో భారతదేశం సంతకానికి మాత్రమే చోటుండేది. ఇప్పుడు షరతులు రాసే చోట మన దేశం కూర్చోగలదు. అక్కడ కూర్చునేవారు టన్నులను, సంఖ్యలను కొలిచే నేర్పుతో పాటు, కొలతలకు వెనక ఉండే పరస్పర గౌరవాన్ని, నిజాయితీ గల తనిఖీని, చిన్న దేశాలకు సమాన స్థానాన్ని పట్టుబట్టి సాధించాలి. విశాఖ మీద పడిన బాంబులకు, ఈ పల్లెలు మోసిన శిస్తులకు, లెవీలకు మన తరం ఇవ్వగల గౌరవం ఆ పట్టుదలే.